వంట సగంలోనే ఆపేయండి

ఓన్ నో ఖౌస్వే వండబోయేవాళ్లకు నా మొదటి సలహా: పొయ్యి మీది తపేలాలో నిమ్మకాయ పిండొద్దు. రెండోది, కారం సరిచూడొద్దు. మూడోది, ఉప్పు ఒక పిసరు తక్కువగానే ఉండనివ్వండి. నాలుగోది మా అత్తగారు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు, మీ ఇంట్లో పెద్దవాళ్లూ ఒప్పుకోరు. వచ్చినవాళ్లకు కొసరి వడ్డించొద్దు.

ఇవన్నీ తలకిందుల సలహాల్లా వినిపిస్తాయని తెలుసు. వంట నేర్పేవాళ్లెవరైనా దించేముందు రుచి చూసి ఉప్పూ పులుపూ సరిచేయమంటారు. సాంబారుకైనా గుత్తివంకాయకైనా నేనూ అదే చెబుతాను. ఈ ఒక్క వంటకం దగ్గర మాత్రం, గరిటెతో రుచి చూసి “అబ్బ, భలే కుదిరింది” అనిపించిందంటే ఎక్కడో చెయ్యి జారినట్టే. పొయ్యి మీద ఉన్నంతసేపూ అది కమ్మగా, కాస్త చప్పగా, ఏదో తక్కువైనట్టుగానే ఉండాలి. ఆ తక్కువైనదాన్ని పూరించుకోవటం తినేవాళ్ల పని. ఆ పని వాళ్ల దగ్గర్నుంచి లాక్కుంటే మిగిలేది మామూలు కొబ్బరి కోడికూర.

పేరులోనే వంటంతా ఉంది. బర్మా భాషలో ‘ఓన్’ అంటే కొబ్బరి, ‘నో’ అంటే పాలు, ‘ఖౌస్వే’ అంటే నూడుల్స్. గోధుమ నూడుల్స్ మీద, శనగపిండితో చిక్కబడి కొబ్బరిపాలతో కమ్మబడిన కోడి పులుసు పోస్తారు. మన ఊళ్లలో హోటల్ మెనూల మీద ‘ఖౌ సుయ్’ అని కనిపించేది ఇదే. ఉత్తర థాయిలాండ్‌లో చియాంగ్ మాయ్ వైపు తినే ఖావ్ సోయ్ దీనికి దగ్గర చుట్టం. యాంగోన్‌లో దీన్ని పొద్దుటి టిఫినుగా కూడా తింటారు. వీధి పక్కన మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్లు, ఆవిర్లు కక్కే తపేలా, చేతికందే దూరంలో కారం, ఫిష్ సాస్, నిమ్మచెక్కలు. అమ్మే మనిషి గిన్నె చేతికిచ్చాక, దాన్ని ఎలా ముగించాలన్నది మీ ఇష్టం.

నేను దీన్ని మొదట తిన్నది మాత్రం యాంగోన్‌లో కాదు. విశాఖపట్నంలో, మా వీధిలోని ఒక మామ్మ చేతిమీద తిన్నాను. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేట ఉంది. రంగం నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడ్డ చోటు కనక ఆ పేరు. ఉత్తరాంధ్ర పెద్దవాళ్లు రంగూన్‌ను రంగమనే అంటారు. “రంగం వెళ్లాడు” అంటే పొట్ట చేతపట్టుకుని ఓడెక్కాడని అర్థం. కోరంగి రేవు పేరుమీద అక్కడి తెలుగువాళ్లందరికీ కోరంగీలన్న పేరు పడింది. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. వాళ్లలో ఎంతోమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. అప్పటికీ అక్కడే ఉండిపోయినవాళ్లలో చాలామందిని 1962 నాటి సైనిక పాలన, 1964లో దుకాణాల జాతీయీకరణ కదిలించాయి. ఆ రెండో విడతలో ఓడ దిగిన పిల్ల మా మామ్మ. ఏ సామాను తెచ్చుకున్నారో ఆమెకు గుర్తులేదు. వాళ్లమ్మ పొద్దున్నే చేసే కొబ్బరిపాల నూడుల్స్ మాత్రం గుర్తున్నాయి.

వాళ్లింటికి మొదటిసారి భోజనానికి వెళ్లినప్పుడు నాకు పదకొండేళ్లు. చాప మధ్యలో పెద్ద తపేలా, దాని చుట్టూ పది పన్నెండు చిన్న గిన్నెలు. ఎవరో ఒకరు వడ్డిస్తారు కదా అని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మామ్మ నా గిన్నెలో గుప్పెడు నూడుల్స్ వేసి, రెండు గరిటెల పులుసు పోసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“మామ్మా, ఇందులో ఏవేం వేసుకోవాలి?” అనడిగాను.

“నీ నోటికేటి కావాలో నాకేటి తెలుస్తాదమ్మా? నువ్వే కలుపుకో” అంది.

అంతవరకూ నా కంచంలో ఏముండాలో నన్ను అడిగినవాళ్లు లేరు. పప్పులో నెయ్యి ఎంతో అమ్మ చూసుకునేది, పెరుగులో ఉప్పు ఎంతో నాయనమ్మ చూసుకునేది. ఆ రోజు నిమ్మచెక్క రెండు వేళ్ల మధ్య పట్టుకుని పిండితే మూడు చుక్కలు పడ్డాయి. తిన్నాను. ఇంకో మూడు చుక్కలు పిండాను. పసుపు రంగు పులుసు కాస్త తేలికైనట్టు, కొబ్బరి ముందుకొచ్చినట్టు అనిపించింది. తర్వాత వేయించిన నూడుల్స్ నలిపి చల్లుకున్నాను. రెండో గిన్నె మొదటిదానిలా లేదు. మూడో గిన్నెకు వచ్చేసరికి నాకు కావలసింది నాకు తెలిసిపోయింది: నిమ్మ ఎక్కువ, కారం తక్కువ, గుడ్డు రెండు ముక్కలు, కొత్తిమీర అసలొద్దు. ఇప్పటికీ అంతే తింటాను.

అందుకే వడ్డించొద్దనేది. మన ఇళ్లలో వడ్డనంటే ప్రేమ. విస్తట్లో ఖాళీ కనిపిస్తే ఇల్లాలికి మనసొప్పదు. “ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి” అనకపోతే మర్యాద తప్పినట్టు బాధపడతాం. ఆ మర్యాద పెళ్లి పంక్తిలో ఉండాలి, పండగ భోజనంలో ఉండాలి. ఇక్కడ మాత్రం నూడుల్స్, పులుసు దాకే మీ చెయ్యి. ఆ తర్వాత అల్లుడొచ్చినా సరే, నిమ్మచెక్క అల్లుడి చేతికే ఇవ్వండి. ఐదేళ్ల పిల్లకైనా అంతే. పిల్ల మూడు చెక్కలు పిండేసుకుని మొహం చిట్లిస్తే ఇంకో గరిటె పులుసు పోయండి, మాట మాత్రం అనకండి. రెండో గిన్నెకి ఎన్ని చుక్కలు పిండాలో ఆ పిల్లకే తెలుస్తుంది.

మా అత్తగారికి ఇది మింగుడుపడలేదు. పక్కన కూర్చున్నవాళ్ల గిన్నెల్లోకి ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్లిపోయేది. పచ్చి ఉల్లిపాయ పడని ఆడపడుచు గిన్నెలో ఉల్లిపాయలు, కారం తినలేని మావగారి గిన్నెలో కారం నూనె. అంతా అభిమానంతోనే. ఒకరోజు నేను చొరవ తీసుకుని, “అత్తయ్యా, ఈ ఒక్క వంటకు మీ గిన్నె మీరు చూసుకోండి” అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడ తన గిన్నెలో ఆవకాయ ఊట ఒక చెంచా కలుపుకుంటారు. బర్మాలో ఎవరూ అలా తినరు. అయినా అది ఆవిడ గిన్నె. ఆవకాయలోని నూనె, ఆవపిండి ఘాటు కొబ్బరిపాల కమ్మదనానికి బాగానే అమరుతాయి కూడా. ఈసారి మీరూ వేసుకుని చూడండి. తపేలాలో మాత్రం వేయకండి.

తపేలా విషయంలో నాకు పట్టుదల ఉంది. గిన్నెలో ఎంత స్వేచ్ఛో తపేలాలో అంత కట్టుబాటు ఉండాలి. చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. తపేలాలో తోచినవన్నీ గుమ్మరించి, బల్ల మీద మాత్రం రెండు నిమ్మచెక్కలు పెట్టి ఊరుకుంటారు. గరం మసాలా, ధనియాల పొడి, జీలకర్ర, కరివేపాకు, ఇవేవీ వద్దు. కరివేపాకు లేకుండా పోపు పెట్టటం మనకు చేతకాదని తెలుసు, అందుకే ఇందులో పోపే లేదు. మామ్మ చేసే పులుసులో మసాలా అంటే పసుపు, మిరపకారం. అంతే. మిగతా రుచంతా ఉల్లిపాయ, వెల్లుల్లి, అల్లం, కోడి ఎముకల నుంచి రావాలి.

ఇంకో మాట. ఇద్దరి కోసం దీన్ని మొదలుపెట్టకండి. పులుసు ఇద్దరికైనా పదిమందికైనా అదే శ్రమ. చిన్న గిన్నెల్లోకి తరగాల్సినవీ వేయించాల్సినవీ ఎలాగూ తప్పవు. పైగా ఇద్దరే తింటే పక్కవాళ్ల గిన్నెలోకి తొంగిచూసి “నువ్వు అది వేసుకున్నావా, ఎలా ఉంది?” అని అడిగే సందడి ఉండదు. ఎనిమిదిమందికి తక్కువైతే పక్కింటి తలుపు తట్టండి.

ఎనిమిదిమందికి లెక్క ఇది. ఎముక లేని కోడి తొడ మాంసం ఒక కిలో, దానితోపాటు కొట్టువాణ్ని అడిగి ఎముకలు అరకిలో. ఉల్లిపాయలు ముప్పావుకిలో. ఎక్కువనిపిస్తుంది, తగ్గించొద్దు. వెల్లుల్లి ఒక పెద్ద గడ్డ, అల్లం రెండంగుళాలు, పసుపు అరచెంచా, కాశ్మీరీ కారం రెండు చెంచాలు, శనగపిండి ముప్పావు కప్పు, వేరుశనగ నూనె ముప్పావు కప్పు, కొబ్బరికాయలు మూడు, నూడుల్స్ ఎనిమిది వందల గ్రాములు, కోడిగుడ్లు ఎనిమిది, ఫిష్ సాస్ ఒక సీసా. సీసా అంతా తపేలాలోకి కాదు. తపేలాలోకి రెండు చెంచాలే, మిగతాది బల్ల మీదికి.

ముందు ఎముకల్ని రెండు లీటర్ల నీళ్లలో గంటసేపు సన్నని సెగ మీద ఉంచండి. లీటరున్నర మిగిలితే చాలు. మాంసాన్ని చిన్న ముక్కలు చేసి పసుపు, ఉప్పు రాసి పక్కన పెట్టండి.

ఆ తర్వాత ఉల్లిపాయలు. ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత ఏం చేసినా సరిదిద్దలేరు. ఉల్లి, వెల్లుల్లి, అల్లం కలిపి ముద్దగా రుబ్బుకోండి. బరువైన అడుగున్న తపేలాలో నూనె కాగాక ఈ ముద్ద, మిగతా పసుపు, కారం వేయండి. మొదట్లో అది నీళ్లు నీళ్లుగా బుడబుడలాడుతుంది, వంటిల్లంతా పచ్చి ఉల్లి ఘాటు, కళ్లు మండుతాయి. పదిహేను నిమిషాలకు ఆ చప్పుడు తగ్గి ముద్ద దగ్గరపడుతుంది, గరిటె వెనకే బాట ఏర్పడుతుంది. చూసేవాళ్లు ఇక్కడ “అయిపోయింది కదా” అంటారు. వినకండి. సెగ ఇంకా తగ్గించి కలుపుతూ ఉండండి. ఇంకో పావుగంటకు చప్పుడు మారుతుంది. బుడబుడ పోయి సన్నగా చిటచిట మొదలవుతుంది. వాసన ఘాటు వదిలి తీపిలోకి దిగుతుంది. ముద్ద అంచుల్లో ఎర్రటి నూనె, ముందు చిన్న చిన్న చుక్కలుగా, తర్వాత ఒక చారలా బయటికొస్తుంది. బర్మావాళ్లు దీన్ని ‘సీ ప్యాన్’ అంటారు. నూనె తిరిగి రావటమని ఆ మాటకు అర్థం. మనం నూనె తేలటం అంటాం. పోసిన నూనెను కూర కాసేపు దాచుకుని, తన పని అయ్యాక తిరిగి ఇస్తుందన్నమాట. నలభై నిమిషాలు పట్టినా సరే, ఆ చార కనబడేదాకా తరవాతి పని మొదలుపెట్టకండి.

ఇప్పుడు మాంసం వేసి, రెండు చెంచాల ఫిష్ సాస్ పోసి, మూతపెట్టి పావుగంట మగ్గనివ్వండి. ఎముకల నీళ్లు వడగట్టి పోయండి.

శనగపిండి దగ్గర తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మజ్జిగపులుసు విరగకుండా మనం ఏ పిండి కలుపుతామో బర్మావాళ్లూ అదే కలుపుతారు. అక్కడ పెరుగును పట్టి ఉంచినట్టే ఇక్కడ కొబ్బరిపాలను పట్టి ఉంచుతుంది. పులుసు ఎంత చిక్కగా ఉండాలని అడిగితే నేను చెప్పే కొలత కూడా మజ్జిగపులుసే. గరిటెకు పల్చగా అంటుకుని జారాలి. పిండిని రెండు కప్పుల చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, జల్లెడలోంచి తపేలాలోకి పోస్తూ రెండో చేత్తో కలపండి. తరవాత ఇరవై నిమిషాలు ఉడకాల్సిందే, లేకపోతే పచ్చిపిండి వాసన తినేటప్పుడు ముక్కుకు తగులుతుంది. అడుగంటటం కూడా ఇక్కడే. గరిటె అడుగు దాకా పోనివ్వండి.

కొబ్బరిపాలు మాత్రం చేత్తో పిండుకోండి. తురిమిన కొబ్బరిని గోరువెచ్చని నీళ్లతో మిక్సీలో వేయటం వరకూ ఫర్వాలేదు. పిండటానికి పల్చటి పాత నూలుగుడ్డ కావాలి. గుడ్డలో మూటకట్టి మెలిపెడితే మొదట వచ్చేవి చిక్కటి పాలు, వాటిని విడిగా తీసిపెట్టండి. పిప్పిని మళ్లీ నీళ్లతో తిప్పి పిండితే వచ్చేవి పల్చటి పాలు. మూడు కాయలకు చిక్కటివి సుమారు మూడు కప్పులు వస్తాయి, కాయను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. పల్చటి పాలు శనగపిండి ఉడికాక పోయాలి, చిక్కటి పాలు చివర్లో. చిక్కటివి పోశాక తెర్లనివ్వొద్దు. అంచుల్లో చిన్న బుడగలు రాగానే పొయ్యి ఆపేయండి. అమెరికాలోనో లండన్‌లోనో ఉండి పచ్చి కొబ్బరికాయ దొరకనివాళ్లు నాలుగు వందల మిల్లీలీటర్ల డబ్బాలు మూడు వాడుకోవచ్చు. కొవ్వు తగ్గించిన రకం మాత్రం కొనకండి. దాన్ని పోసే బదులు నీళ్లు పోసుకోవచ్చు.

ఇప్పుడు ఒక్క చెంచా పులుసు నోట్లో వేసుకోండి. చప్పగా ఉందనిపిస్తుంది. చెయ్యి ఉప్పుడబ్బా మీదికి పోతుంది. ఆపండి. వంట అయిపోయింది.

నేను ఒకసారి ఆపలేదు. మా పాప మొదటి పుట్టినరోజుకు ముప్పైమందిని పిలిచాం. అంతమంది ఎవరికివాళ్లు నిమ్మకాయ పిండుకుంటూ కూర్చుంటే ఆలస్యమవుతుందని, పన్నెండు నిమ్మకాయల రసం నేనే కాగుతున్న తపేలాలో పోశాను. కారం నూనె కూడా రెండు గరిటెలు కలిపేశాను. రెండు నిమిషాల్లో పులుసు మీద తెల్లటి పలుకులు తేలాయి. కిందంతా పసుపు నీళ్లు, పైన విరిగిన కొబ్బరి. శనగపిండి కూడా దాన్ని ఆపలేకపోయింది. పిల్లలు కారానికి ఏడ్చారు, పెద్దవాళ్లు మర్యాదకు తిన్నారు. మామ్మ కూడా ఆ రోజు వచ్చింది. ఒక గిన్నె తిని, ఏమీ అనకుండా, వెళ్లేటప్పుడు నా చెయ్యి నొక్కి వెళ్లింది. ఆమె మందలించి ఉంటే అంత బాధ ఉండేది కాదు. వేడి పులుసులో పడ్డ నిమ్మరసం కొబ్బరిపాలను విరగ్గొట్టటమే కాదు, దాని పరిమళం కూడా ఆవిరిలో పోతుంది. గిన్నెలో, తినే క్షణాన పిండితేనే ఆ వాసన ముక్కుదాకా వస్తుంది.

నూడుల్స్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గుడ్డు వేసిన గోధుమ నూడుల్స్ దొరికితే అవే, దొరక్కపోతే కిరాణా కొట్టులో దొరికే హక్కా నూడుల్స్. వేరే నీళ్లలో ఉడికించి, చన్నీళ్లతో కడిగి, కాస్త నూనె రాసి పెట్టుకోండి. పులుసులో వేసి ఉడికించొద్దు, పది నిమిషాల్లో ముద్దయిపోతాయి. ఉడికిన వాటిలో రెండు గుప్పెళ్లు తీసి గుడ్డమీద ఆరబెట్టి, కాగిన నూనెలో కరకరలాడేట్టు వేయించండి.

ఇక చిన్న గిన్నెలు. అసలు వంట ఇక్కడే ఉందని నా నమ్మకం, మీ ఓపిక కూడా ఇక్కడికే దాచుకోండి. వేయించిన నూడుల్స్ ఒకదాంట్లో. సన్నగా తరిగి చన్నీళ్లలో పావుగంట నానబెట్టి పిండిన పచ్చి ఉల్లిపాయలు ఒకదాంట్లో. అలా నానబెడితే ఘాటు పోయి కరకర మిగులుతుంది. చక్రాల్లా కోసిన ఉడికిన గుడ్లు. ఎర్రగా వేయించిన వెల్లుల్లి పలుకులు. అవి బంగారు రంగులో ఉండగానే తీయాలి, నూనెలోంచి తీశాక కూడా రంగు ఇంకాస్త ముదురుతుంది. కొత్తిమీర. ఫిష్ సాస్, దాంట్లో ఒక పచ్చిమిరపకాయ తరిగి. వీటన్నిటికంటే ముఖ్యం కారం నూనె. అరకప్పు నూనె కాచి, పొయ్యి ఆపి, రెండు నిమిషాలు ఆగి, ఎండుమిరప పలుకుల మీద పోయండి. బుస్సుమని పొంగాలి, నల్లబడకూడదు. నల్లబడితే పారేసి మళ్లీ చేయండి, మిరపకాయలకు పెద్ద ఖర్చేం కాదు.

తీరిక ఉంటే శనగపప్పు వడలు కూడా. బర్మాలో వీటిని ‘పే జో’ అంటారు, నానిన పప్పుతో పల్చగా, విరిస్తే పెళుసుగా విరిగేలా చేస్తారు. మన మసాలా వడను అప్పడమంత పల్చన చేశారనుకోండి. గిన్నెలోకి నలిపి వేసుకుంటే సగం నానుతాయి, సగం కరకరలాడతాయి. మామ్మ వీటిని పిల్లలకు ముందే తలా ఒకటి ఇచ్చేసేది, లేకపోతే బల్ల దాకా రావు.

మాంసం తిననివాళ్లుంటే వాళ్లకు అదే తపేలాలోంచి ముక్కలు ఏరి పెట్టొద్దు. చిన్న తపేలా విడిగా పెట్టండి. ఎముకల నీళ్ల బదులు ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్లు, మాంసం బదులు పుట్టగొడుగులు, ఫిష్ సాస్ బదులు సోయా సాస్. బర్మాలోని షాన్ ప్రాంతంవాళ్లు శనగపిండిని గట్టిగా ఉడికించి, పళ్లెంలో పోసి గడ్డకట్టించి, ముక్కలుగా కోసి వేయిస్తారు. దాన్ని ‘తోహు’ అంటారు. ఈ పులుసులోకి పనీరు కంటే అదే నయం. పనీరు మీద నాకు కోపం లేదు, కానీ కొబ్బరిపాలలో అది పాలమీద పాలలా ఉంటుంది.

మిగలకుండా వండాలని చూడకండి, మిగలాలి. రాత్రికి బయట మాత్రం ఉంచొద్దు, కొబ్బరిపాలు మన ఎండలకు నిలవవు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్నకి శనగపిండి గట్టిపడి గడ్డలా ఉంటుంది. కప్పు నీళ్లు పోసి, సన్నని సెగ మీద కలుపుతూ వేడిచేస్తే మళ్లీ వదులవుతుంది. నూడుల్స్ అయిపోతే వేడి ఇడ్లీల మీద పోసుకోండి. మామ్మ వాళ్లింట్లో ఆదివారం రాత్రి వండితే సోమవారం పొద్దున్న ఇడ్లీ తప్పనిసరి. ఆ ఇడ్లీ మీద కూడా నిమ్మకాయ ఎవరికివారే పిండుకునేవాళ్లు.

మామ్మ పోయి ఆరేళ్లయింది. కిందటి నెల వాళ్ల మనవరాలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, “మామ్మ కొలతలు నీకు తెలుసు కదా పిన్నీ, చెప్పవా” అని అడిగింది. పైన రాసిన లెక్కంతా చెప్పాను. పులుసులోకి నిమ్మరసం ఎన్ని చెంచాలు అని అడిగింది. అది లెక్కలో లేదని చెప్పాను. నిమ్మకాయలు మాత్రం మనిషికొకటి చొప్పున తెచ్చుకోమన్నాను. మీరూ అలాగే తెచ్చుకోండి, సగం చెక్క ఎవరికీ సరిపోదు.